స్వరసందేహాలు: 'ఎల్లో' తీగలు, తంటాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పాట చుట్టూ తిరిగాయి. బ్రిటన్ రాక్ బృందం కోల్డ్‌ప్లే 2000లో విడుదల చేసిన 'ఎల్లో' అది. 2025 జనవరిలో నవీ ముంబయి, అహ్మదాబాద్‌లలో వాళ్ల కచేరీలు జరిగాక కృష్ణకు ఇటు గుంటూరు, అటు బెజవాడ కాలేజీ బ్యాండ్లన్నీ దీని మీదే పడ్డట్టున్నాయి. అందుకే ఈ శీర్షికంతా దానికే ఇచ్చేశాం.

ప్ర: బి, ఎఫ్ షార్ప్, ఇ. కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) మూడూ సరిగ్గానే పట్టుకుంటున్నాను. అయినా రికార్డులో వినిపించే ఆ నిండుతనం రావడం లేదు. గిటారు మార్చాలా? (బ్రాడీపేట, గుంటూరు)

జ: గిటారు కాదు, శ్రుతి మార్చండి. మామూలుగా మందపు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ అని కట్టుకుంటాం. ఈ పాటలో అకూస్టిక్ గిటారు ఇ, ఎ, బి, జి, బి, డి షార్ప్‌లో ఉంటుంది. అంటే, అన్నిటికంటే సన్నదాన్ని ఒకటో తీగగా లెక్కిస్తే, నాలుగో తీగ మూడు ఫ్రెట్ల (మెడ మీది లోహపు గీతల) మేర, ఒకటో తీగ ఒక్క ఫ్రెట్ మేర దిగాయి. అసలు కథంతా ఆ రెండు తీగల్లోనే ఉంది.

బి ని షడ్జమం అనుకోండి. అప్పుడు నాలుగో తీగ, రెండో తీగ షడ్జమంలోనూ, ఒకటో తీగ అంతర గాంధారంలోనూ మోగుతాయి. కార్డు ఏదైనా ఈ మూడింటినీ నొక్కకుండా వదిలేస్తాం. తంబురా లాగా అవి మోగుతూనే ఉంటాయి, కింద కార్డు మారుతూ ఉంటుంది. ఎఫ్ షార్ప్‌కి వచ్చినప్పుడు నిషాదం పక్కనే షడ్జమం ఉండి రెండూ రాసుకుంటాయి. మీరు నిండుతనం అంటున్నది చాలావరకు ఆ రాపిడే. బారె కార్డు పట్టుకుంటే వేలు అన్ని తీగలనూ నొక్కేస్తుంది కాబట్టి అది వినిపించదు.

ఇలా పట్టుకోండి. బి కార్డుకి ఐదో తీగ రెండో ఫ్రెట్, మూడో తీగ నాలుగో ఫ్రెట్; ఆరో తీగ మోగకూడదు. ఇ కార్డుకి ఐదో తీగ రెండు, మూడో తీగ ఒకటి, ఆరోది నొక్కకుండా మోగనివ్వాలి. ఎఫ్ షార్ప్‌కి ఆరో తీగ రెండు, ఐదోది నాలుగు, మూడోది మూడు. చరణంలో బి, ఎఫ్ షార్ప్, ఇ, మళ్లీ బి. తర్వాతి భాగంలో ఇ, జి షార్ప్ మైనర్, ఎఫ్ షార్ప్ మూడుసార్లు తిరిగి ఇ మీద ఆగుతుంది. జి షార్ప్ మైనర్‌కి ఆరో తీగ నాలుగు, ఐదోది ఆరు, మూడోది నాలుగు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. మిగతావి వదిలేస్తున్నాం కదా అని మూడో తీగనూ వదిలేస్తారు. జి ఈ స్కేలులోనే లేదు. అది తగిలిందంటే అన్నంలో రాయే.

శ్రుతి సరిచూసుకోవడానికి ట్యూనర్ లేకపోయినా ఫరవాలేదు. ఐదో తీగను రెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే స్వరం, వదిలేసిన నాలుగో తీగ ఒకటే కావాలి. రెండో తీగను నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఒకటో తీగతో కలవాలి. తీగను కావలసినదానికంటే కాస్త కిందికి దించి, పైకి బిగిస్తూ వచ్చి ఆగండి. పైనుంచి దించి ఆపేస్తే మరలోని వదులు రెండో చరణానికల్లా బయటపడుతుంది.

ప్ర: అలా దించితే నాలుగో తీగ జర్రుమంటోంది. (పటమట, విజయవాడ)

జ: అనదా మరి! మూడు ఫ్రెట్లు దించితే తీగ బిగువు దాదాపు 30 శాతం పోతుంది. వదులైన తీగ ఎక్కువ వెడల్పున ఊగి ఫ్రెట్లకు తగులుతుంది, గట్టిగా మీటితే స్వరం కూడా ఒక క్షణం పైకి ఎగిరి దిగుతుంది. దీనికి మందు లావు తీగ. 10-46 సెట్లో (అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) నాలుగో తీగ 26 ఉంటుంది. దాని బదులు 30 గానీ 32 గానీ వేయండి. అకూస్టిక్ 12-53 సెట్లో అది 32. దానికి 38 లేదా 39 సరిపోతుంది. పాత బిగువు దాదాపుగా తిరిగి వస్తుంది.

విడి తీగలు దొరక్క, అకూస్టిక్ సెట్లోని 32 తీసి ఎలక్ట్రిక్‌కి కట్టేవాళ్లున్నారు. దాని చుట్టు కంచుది. పికప్ అయస్కాంతానికి లోపలి ఉక్కు తీగ తప్ప కంచు పట్టదు కాబట్టి ఆ ఒక్క తీగ చప్పగా మోగుతుంది. ఎలక్ట్రిక్‌కి నికెల్ చుట్టినదే అడగండి. లావు తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుని, బిగిస్తున్నప్పుడు 'టిక్' మంటే గాడిని కాస్త అరగదీయించాలి. ఈ ఒక్క పాట కోసం ఉన్న గిటారును కోయించడం దండగ అనిపిస్తే, బిగువు పోయిన తీగను మెత్తగా మీటడం నేర్చుకోండి. అకూస్టిక్ వాయించేవాళ్లకు అదే మేలు.

ప్ర: నా గిటారుకి ట్రెమొలో బ్రిడ్జి (తీగలు కట్టే, కదిలే పట్టీ) ఉంది. రెండు తీగలు దించగానే మిగతా నాలుగూ పైకి పోతున్నాయి.

జ: తేలే బ్రిడ్జి వెనక స్ప్రింగులకూ, తీగలకూ మధ్య లాగుడు పోటీ ఉంటుంది. తీగల వైపు పట్టు తగ్గితే బ్రిడ్జి వెనక్కి వాలి మిగతావాటిని బిగిస్తుంది. ఆరు తీగలనూ మూడు నాలుగు చుట్లు శ్రుతి చేస్తేగానీ కుదురుకోదు. స్టేజి మీద పాటకూ పాటకూ మధ్య ఆ పని పెట్టుకోకండి. రెండో గిటారు అరువు తెచ్చుకోండి. ఏసీ గదిలో శ్రుతి చేసి ఆరుబయట స్టేజి ఎక్కితే, లైట్ల వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది. పావుగంట ముందే గిటారును స్టేజి మీద పెట్టి, అక్కడే చివరిసారి సరిచూసుకోండి.

ప్ర: శ్రుతి మార్చకుండా వాయించే దారే లేదా? (తెనాలి)

జ: నాలుగో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి జి, డి, సి వాయించండి, జి షార్ప్ మైనర్ బదులు ఇ మైనర్. సి పట్టుకునేటప్పుడు రెండో తీగ మీది వేలు తీసేస్తే ఆ రంగు కొంత వస్తుంది. గొంతు అందకపోతే కేపోను రెండో ఫ్రెట్‌కి జరపండి. స్టేజి పాటకు ఇది చాలు. రికార్డింగుకైతే చాలదు.

ప్ర: ఈ పాట విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదని మా బ్యాండులో ఒకడి వాదన. నిజమేనా?

జ: ఏ దేశంలో అన్నదాన్ని బట్టి. బ్రిటన్‌లో 2000 జూన్ 26న సింగిల్‌గా వచ్చి చార్టులో 4వ స్థానానికి వెళ్లింది. అంతకుముందు మార్చిలో వచ్చిన వాళ్ల 'షివర్' 35 దగ్గరే ఆగింది కనుక ఇది ఒక్కసారిగా పెద్ద గెంతు. జులైలో వచ్చిన 'పారాషూట్స్' ఆల్బమ్ అక్కడ మొదటి స్థానం ఎక్కింది. అమెరికాలో మాత్రం అక్కడి పాటల చార్టు హాట్ 100లో 48 దాటలేదు. మీ మిత్రుడు ఆ అంకె చూసి ఉంటాడు. అయినా 2002 గ్రామీల్లో ఈ పాట రెండు రాక్ విభాగాల్లో నామినేషన్ తెచ్చుకుంది, ఆల్బమ్ ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌గా గెలిచింది.

అందరూ నెత్తిన పెట్టుకున్నారనీ అనలేం. ఒయాసిస్ బృందాన్ని వెలుగులోకి తెచ్చిన క్రియేషన్ రికార్డ్స్ అధినేత అలన్ మెగీ, పక్క తడిపేవాళ్ల సంగీతమని ఎకసెక్కమాడాడు. మోటు రాక్ చెవులకు ఈ మెత్తదనం అలా తోచడంలో వింత లేదు. మెత్తగా ఉండటం వల్లే అది గుంపుతో కలిసి పాడుకునే పాటైందన్న సంగతి మాత్రం ఆ వెక్కిరింతకు అందలేదు.

ప్ర: తెలుగులో రాసి ఫెస్ట్‌లో పాడి, యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటున్నాం. 'పసుపు' అని పెట్టొచ్చా? (వడ్డేశ్వరం)

జ: ముందు మాట సంగతి. 'ఎల్లో' చివర దీర్ఘం ఉంది, గొంతు దాని మీద నిలబడుతుంది. 'పసుపు' మూడూ లఘువులే. చివరి ఉకారాన్ని సాగదీస్తే ఎబ్బెట్టు. 'పసుపే' అంటే నిలబడుతుంది. 'పచ్చ' అంటే సగం మందికి ఆకుపచ్చ తోస్తుంది. ఇంగ్లిషులో ఆ మాటకు పిరికితనమనే నీడ ఉంది. మనకు గడప, తాళిబొట్టు, దుగ్గిరాల పసుపు యార్డు గుర్తొస్తాయి. ఎన్నికల ముందు పాడితే పార్టీ పాటనుకునే ప్రమాదం కూడా ఉంది, చూసుకోండి.

ఇక చట్టం. అనువదించే హక్కు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారుడిదే. కవర్ రికార్డింగులకు దారి చూపే 31సి సెక్షన్ కూడా మాటలు మార్చడానికి ఒప్పుకోదు. కాబట్టి పబ్లిషర్ నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. 2018 నాటి 'క్రేజీ రిచ్ ఏషియన్స్' సినిమాలో ఈ పాట చైనీస్ రూపం వాడుకోవడానికి బృందం మొదట ఒప్పుకోలేదు; దర్శకుడు జాన్ ఎం. చూ స్వయంగా ఉత్తరం రాశాకే సరేనంది. ఇంగ్లిషులోనే పాడి యూట్యూబ్‌లో పెడితే హక్కుదారు క్లెయిమ్ వేసి ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, వీడియోనే ఆపించనూ వచ్చు.

ఫెస్ట్ వేరే సంగతి. కాలేజీ కార్యక్రమంలో విద్యార్థులే వాయించి, వినేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులే అయితే 52వ సెక్షన్ మినహాయింపు ఉంది. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిస్తే లేదు. నిర్వాహకులు పాటల హక్కుల సంఘం ఐపీఆర్ఎస్ లైసెన్స్ తీసుకోవాలి.

ప్ర: గాయకుడు సముద్రం ఒడ్డున నడుస్తూ పాడే 'ఎల్లో' వీడియోలాగే సూర్యలంకలో తీద్దామనుకుంటున్నాం. నడక అంత నెమ్మదిగా, పెదవులు మాత్రం సరిగ్గా ఎలా కలిశాయి? (బాపట్ల)

జ: ఇంగ్లండ్‌లోని స్టడ్‌లాండ్ బే తీరంలో సెకనుకు 50 ఫ్రేములతో తీశారది. పాటను రెట్టింపు వేగంతో మోగించి, గాయకుడు క్రిస్ మార్టిన్ ఆ వేగంలోనే పెదవులు కదిపాడు. తర్వాత బొమ్మను సగం వేగానికి తెచ్చారు. అతనొక్కడే కనిపించడానికి కారణం, ఆ రోజే డ్రమ్మర్ విల్ చాంపియన్ తల్లి అంత్యక్రియలు.

మీ ఫోన్‌లో 60 ఫ్రేములు పెట్టి, షటర్ 1/120లో ఉంచి, 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో సగానికి తగ్గించండి. నాలుగున్నర నిమిషాల పాట రెండుంబావు నిమిషాల్లో అయిపోతుంది. మామూలు నడకకు దాదాపు 160 మీటర్ల ఇసుక కావాలి. అడుగుజాడలు పడని 200 మీటర్లు చూసుకుని, రెండో టేక్‌కి పక్కకు జరగండి. అలల హోరులో స్పీకర్ వినపడదు, కెమెరాకు కనపడని చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకోవాలి. ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే సముద్రంలోంచి సూర్యుడు పైకి రాగానే ఫోన్ ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. కెమెరావాడు వెనక్కి నడుస్తాడు కాబట్టి అతని నడుము పట్టుకుని దారి చూపే మనిషి ఒకరు తప్పనిసరి.