ల్యాబ్ తాళం సొరుగులో పెట్టకు

చిరంజీవి మేనల్లుడికి మీ అత్త ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. కనిగిరి వైపు హైస్కూల్లో చేరావని ముందే తెలుసు. పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి నేర్చుకునే అక్కడి అటల్ టింకరింగ్ ల్యాబ్ నీకే అప్పజెప్పారని, ఆరు నుంచి పది దాకా పిల్లలకు రోబోటిక్స్, కోడింగ్ నువ్వే చెప్పబోతున్నావని వినేసరికి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో నా తర్వాత బడిపంతులు అయ్యింది నువ్వే కదా, ఆ సంతోషం ఒకటి. టెన్షన్ ఇంకొకటి. రిటైరయ్యే ముందు అలాంటి ల్యాబే నేనూ చూసుకున్నాను. ఫోన్లో చెబితే మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. నెట్ మీద ఆశ పెట్టుకోకు. పిల్లలు ప్రోగ్రాములు రాసే స్క్రాచ్, ఆర్డుయినో బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్ నెట్ లేకపోయినా పనిచేస్తాయి, అన్ని కంప్యూటర్లలో ముందే ఎక్కించు. ఎల్‌ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ లేకుండా కరెంటు ఇవ్వనీయకు. మోటారు తీగను ఆర్డుయినో బోర్డు పిన్నుకు నేరుగా కలపనీయకు. ఆ పిన్నుకు 20 మిల్లీఆంపియర్లు మించి పని చెప్పకూడదు, బుల్లి మోటారు కూడా అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. మధ్యలో మోటారుకు కావలసిన కరెంటు వేరుగా అందించే మోటార్ డ్రైవర్ ఉండాల్సిందే. పిల్లలు చేసిన బండి కదలకపోతే డ్రైవర్ గ్రౌండూ (మైనస్ వైపు తీగ) బోర్డు గ్రౌండూ కలిపారో లేదో మొదట చూడు.

బ్యాటరీల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు నాయనా. పాడైన పవర్‌బ్యాంకుల్లోంచి లిథియం సెల్స్ ఊడదీసి పిల్లలు జేబుల్లో వేసుకొస్తారు. తాళంచెవో, నాణెమో రెండు కొసలకూ తగిలితే చాలు, కాలిపోయేంత వేడెక్కి అంటుకోవచ్చు కూడా. తలుచుకుంటేనే నాకు గుండెదడ. కొత్తల్లో నాలుగు పెన్సిల్ సెల్స్ పట్టే డబ్బా చాలు. లిథియం సెల్స్ ఛార్జింగ్‌కు పెట్టి, ల్యాబ్‌కు తాళం వేసి ఇంటికి వెళ్ళావని తెలిసిందా, ఒంగోలు నుంచి బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తాను.

తాళం అన్నాను కదా. అసలు చెప్పాలనుకున్నది దాని గురించే.

1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకు నేను పనిచేసే బడికీ వచ్చాయి. నేనప్పుడు ఉద్యోగంలో కొత్త. ఆ గదికి వెల్ల వేయించారు, కిటికీలకు తెరలు కట్టించారు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని పిల్లలు వరసగా లోపలికి వచ్చేవాళ్ళు. ఆ పని నేర్చుకొచ్చిన సారు బేసిక్ భాషలో రెండు లైన్లు కొట్టేవారు. తెర నిండా ఒకే పేరు గబగబా పడేది, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. అంతే. మళ్ళీ గుడ్డ కప్పి తాళం వేసేవాళ్ళు. తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో ఉండేది.

ఆయన చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం ఆకలితో ఉన్న పిల్లలకు తన క్యారియర్ ఇచ్చేసిన మనిషి. స్టాక్ రిజిస్టర్లో ఆయన సంతకం ఉంది, ఏది పోయినా పెన్షన్‌లో కోస్తారని భయం. ఆ భయంతో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చివరికి ఎలుకలు తీగలు కొరికేశాయి.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. అమ్మానాన్నలు కూలికి వెళ్ళేవాళ్ళు. సారు కొట్టిన రెండు లైన్లూ చూసి గుర్తుపెట్టుకుని, పాత పత్రికల్లో ఇంకొంత చదివి, ఎక్కాలు వాటంతట అవే తెర మీద పడేలా ఒక ప్రోగ్రాం కాగితం మీద రాసుకొచ్చింది. “కొట్టి చూద్దామా మేడమ్?” అంది. నేను కాగితం మీద చూస్తే సరిగానే ఉన్నట్టు అనిపించింది. హెడ్మాస్టరు గారిని అడిగితే పరీక్షలయ్యాక చూద్దామన్నారు. పరీక్షలయ్యాయి, సెలవులిచ్చారు. మరుసటి ఏడాది ఆ పిల్లకు పెళ్ళి చేసేశారు. తను రాసింది తప్పో ఒప్పో కంప్యూటర్ చెప్పగా చూసే భాగ్యం ఆ పిల్లకు దక్కలేదు. మీ ల్యాబ్ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ పిల్లే గుర్తొస్తోంది.

ఇప్పుడు మీ ల్యాబ్‌లకు ఇచ్చే గ్రాంటు 20 లక్షల దాకా ఉంది. అంత సొమ్ము రిజిస్టర్లో చూస్తే మీ హెచ్ఎం గారికీ భయం పుట్టొచ్చు, నీకూ పుట్టొచ్చు. అందుకని మొదటి రోజే ఒక పని చెయ్యి. ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, జంపర్ వైర్లు, సెల్స్ వాడకంలో అయిపోయే సరుకు కింద వేరే రిజిస్టర్లో ఎక్కించి హెచ్ఎం గారి సంతకం తీసుకో. పాడైనదాన్ని తేదీతో రాస్తూ పో. కాలిన ఎల్‌ఈడీ వెల ఒకటి రెండు రూపాయలు. దానికోసం పిల్లాణ్ణి గదమాయించావంటే వాడు ఇంకోసారి చెయ్యి చాపడు.

తాళం తీసినంత మాత్రాన పని అయిపోదు. నీ సంగతి నాకు తెలుసు. మీ తాతయ్య పాత రేడియో ఊడదీసినప్పుడు చెల్లెలు స్క్రూడ్రైవర్ అడిగితే “నీకు రాదులే” అన్నావు. మరలు దాని చేతిలో పోసి కదలకుండా కూర్చోమన్నావు. ఈరోజుకీ అది ఫ్యూజు వెయ్యాలంటే వెనకాడుతుంది. నీ చేతులు చురుకైనవి, అందుకే భయం. క్లాసులో పిల్లవాడి బండి కదలకపోతే ఆగలేక నువ్వే తీగ మార్చేస్తావు. వద్దు. చేతులు వెనక్కి కట్టుకుని “ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది?” అని అడుగు. 2019లో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోతే, ఎక్కడ తప్పు జరిగిందో వెతికి, సరిచేసి 2023లో మన శ్రీహరికోట నుంచే మళ్ళీ పంపి దించారని చెప్పు. తప్పు వెతకడమూ పనేనని వాళ్ళకు తెలియాలి.

నలుగురికి ఒక కిట్ ఇస్తే ఏమవుతుందో చూస్తావు. మగపిల్లలు బోర్డు లాక్కుంటారు, ఆడపిల్లలు రికార్డు రాస్తారు. దస్తూరి బాగుందని మనమే మెచ్చుకుంటాం కూడా. పది నిమిషాలకోసారి పనులు మార్చు. ఎవరి చెయ్యి బోర్డు మీద పడలేదో ప్రతి క్లాసుకూ ఒక నోటుబుక్కులో పేర్లు రాసి పెట్టు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను ఆ పుస్తకమే అడుగుతాను, బహుమతుల ఫోటోలు కాదు.

ప్రోగ్రాం నల్లబల్ల మీద రాసి, చూసి రాసుకోమనకు. వ్యాసం కాదది. దీపం ఆరి వెలిగేలా నడిచే ప్రోగ్రాం ఇచ్చి, అందులో ఎంతసేపు ఆగాలో చెప్పే 1000 అంకె (మిల్లీసెకన్లు) 200 చేసి చూడమను. దీపం ఎందుకు త్వరత్వరగా ఆరి వెలుగుతోందో వాళ్ళే చెబుతారు.

ప్రాజెక్టులు ఊళ్ళోంచే తీసుకో. మీ పిల్లల్లో చాలామంది నాన్నలు పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల) దగ్గర రాత్రుళ్ళు మంట చూసుకుంటూ జాగారం చేసేవాళ్ళే. వేడి హద్దు దాటితే మోగే అలారం చేద్దామంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. కానీ ఒకటి. కిట్‌లో వచ్చే నీలం రంగు డీహెచ్‌టీ11 సెన్సర్ 50 డిగ్రీల వరకే. ఆకు పసుపు తిరిగేదాకా పర్వాలేదు, ఈనె ఆరేసరికి లోపల 70 దాకా పోతుంది. అంకెలు తప్పొస్తే సెన్సర్‌ను కాదు, తమనే తప్పుబట్టుకుంటారు పిల్లలు. స్టీలు తొడుగున్న డీఎస్18బీ20 సెన్సర్ తెప్పించు, అది 125 దాకా తట్టుకుంటుంది. బోర్డు మాత్రం బ్యారన్ బయటే ఉండాలి. అలారం ఉంది కదా అని పెద్దవాళ్ళు పాత థర్మామీటర్ చూడటం మానకూడదని పిల్లల చేతే చెప్పించు. ఒక బ్యారన్ ఆకు చెడితే ఆ ఇంటికి ఎంత నష్టమో నీకు నేను చెప్పాలా?

నా మల్టీమీటర్ మీ నాన్నతో పంపుతున్నాను. 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేసుకో. నల్ల తీగ కొస దగ్గర వదులైంది. నువ్వు బాగుచెయ్యకు. తొమ్మిదో తరగతి వాళ్ళ చేత సోల్డరింగ్ చేయించు, కిటికీలు తెరిచి, దగ్గరుండి.

ఇట్లు,
మీ అత్త