టీఎంటీ పాజిటివ్ వస్తే వెంటనే యాంజియోగ్రామ్ చేయించాలా?

మీ అక్కగారికి 47 ఏళ్లు, నొప్పి, ఆయాసం లేవు, హెల్త్ చెకప్‌లో టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ గ్రాఫు తీసే పరీక్ష) చేస్తే బ్రూస్ పద్ధతిలో (మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెంచుతారు) 9 నిమిషాలు నడిచారు, ఎస్‌టీ (గ్రాఫు గీతలో ఒక భాగం) 1 మి.మీ. దిగిందని రిపోర్టులో పాజిటివ్ అని రాశారు, యాంజియోగ్రామ్ (సన్న గొట్టం పంపి గుండె రక్తనాళాల్లో అడ్డంకులు చూసే పరీక్ష) తప్పదా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదండీ. కానీ మా ఇంట్లో ఇద్దరి టీఎంటీల వెంట తిరిగినవాణ్ణి. ఆ ఒక్క మాట చూసి కంగారు పడొద్దు, రిపోర్టు మొత్తం చదివించుకోండి.

మా అమ్మకూ యాభై దాటాక ఇలాగే పాజిటివ్ వచ్చింది. కార్డియాలజిస్టు గ్రాఫు ముట్టుకోకుండా ముందు ఆమెను అడిగారు: నడిస్తే ఛాతీ పట్టేస్తుందా, షుగర్, బీపీ ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అని. ఏ లక్షణాలూ లేని ఆడవాళ్లలో గుండె బాగున్నా గ్రాఫు ఇలా మారడం మామూలేనన్నారు. తర్వాత సీటీ యాంజియోలో (గొట్టం లేకుండా స్కాన్‌తో ఆ రక్తనాళాలను చూసే పరీక్ష) ఒక్క అడ్డంకీ లేదు.

మా బాబాయిది దీనికి పూర్తిగా ఎదురు. రిపోర్టు నెగెటివ్. కానీ మోకాళ్ల నొప్పితో నాలుగైదు నిమిషాలకే ఆపేశారు, పైగా పొద్దున్నే మెటోప్రొలాల్ (గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్ర) వేసుకుని వెళ్లారు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేదాంట్లో 85 శాతానికైనా గుండె వేగం చేరాలి. ఆయనది ఆ దరిదాపులకు రాలేదు. అలాంటి పరీక్ష ఏమీ తేల్చలేదని రాయాలి గానీ నెగెటివ్ అని ఎలా రాస్తారు? మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతోందని ఆయన చెబుతూనే ఉన్నారు. తర్వాత యాంజియోగ్రామ్‌లో రెండు బ్లాకులు బయటపడ్డాయి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

టీఎంటీని బట్టి రిస్కు అంచనా కట్టడానికి డాక్టర్లు డ్యూక్ స్కోరు అని ఒకటి వేస్తారు. నడిచిన నిమిషాల్లోంచి, ఎస్‌టీ దిగిన మి.మీ.కు ఐదు రెట్లు, నొప్పి అంకెకు నాలుగు రెట్లు తీసేయాలి. నొప్పి లేకపోతే 0, వస్తే 1, నొప్పి వల్లే ఆపేస్తే 2. మీ అక్కగారిది 9 లోంచి 5 పోతే 4. ఐదు, ఆపైన ఉంటే రిస్కు తక్కువ, మైనస్ 11 గానీ ఇంకా కిందికి గానీ పోతే ఎక్కువ. ఆవిడది మధ్యస్థమే, అదీ మంచి వైపు అంచున. 9 నిమిషాలంటే దాదాపు 10 మెట్స్, అంటే ఊరికే కూర్చున్నప్పటికి పది రెట్ల శ్రమ. అంత నడవగలగడం మంచి సూచన.

డాక్టరు గారిని ఇవి అడగండి: ఎస్‌టీ అడ్డంగా దిగిందా, కిందికి వాలిందా, పైకి వాలిందా? పైకి వాలితే దాన్నిబట్టి జబ్బు ఉందని గట్టిగా చెప్పలేరు. ఎన్నో నిమిషంలో మొదలైంది, ఆపాక ఎంతసేపటికి సర్దుకుంది, నడుస్తుంటే బీపీ పడిపోయిందా? ఇవన్నీ బాగుంటే ముందు స్ట్రెస్ ఎకో (గుండెకు శ్రమ పెట్టి అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష) గానీ సీటీ యాంజియో గానీ సరిపోతుందేమో అడగండి. మొదటి మూడు నిమిషాల్లోనే మార్పు వచ్చినా, బీపీ పడినా, యాంజియోగ్రామ్ వాయిదా వేయకండి. బీపీ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. ఈలోగా కూర్చుని ఉండగానే ఛాతీలో నొప్పి, చెమటలు వస్తే రిపోర్టుల కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయండి.