‘సభ్యులు సభ్యుణ్ని తొలగించారు’ – ఎవరు ఎవరిని?

సందేహం: ‘సభ్యుల తీర్మానంతో ఒక సభ్యుణ్ని తొలగించారు’ అని ఓ కంపెనీ వార్తలో చదివాను. ఎవరు ఎవరిని తీసేసినట్టు? వాటాదారు, సభ్యుడు, డైరెక్టర్ అనే మాటల్ని ఒకదాని బదులు మరొకటి వాడొచ్చా?

సమాధానం: వాడకూడదు. మీరు చదివిన వాక్యంలో మొదటి ‘సభ్యులు’ వాటాదారులు, రెండో ‘సభ్యుడు’ డైరెక్టర్. రాసినాయనకు తేడా తెలిసే ఉంటుంది, తలనొప్పి చదివేవాళ్లకే. ‘వాటాదారుల తీర్మానంతో ఒక డైరెక్టర్‌ను తొలగించారు’ అని ఉంటే మీకీ సందేహమే రాదు.

చిక్కంతా ‘సభ్యుడు’తోనే. దేంట్లో సభ్యుడో చెప్పకపోతే ఆ మాటకు అర్థం కుదరదు. కంపెనీని నడిపించే బోర్డులో సభ్యుడంటే డైరెక్టర్. కంపెనీ సభ్యుడంటే సభ్యుల రిజిస్టర్‌లో పేరున్నవాడు. షేర్లు డీమ్యాట్‌లో (ఎలక్ట్రానిక్ రూపంలో) ఉంటే వాటి ఖాతాలు చూసే డిపాజిటరీ సంస్థ రికార్డుల్లో పేరున్నా చాలని భారత కంపెనీల చట్టం, 2013 సెక్షన్ 2(55) చెబుతోంది. ‘వార్షిక సర్వసభ్య సమావేశం’లో ఉన్నది ఈ రెండో అర్థమే. వాటా లేని డైరెక్టర్ ఆ సమావేశంలో వేదిక మీద కూర్చుని జవాబులు చెప్పొచ్చు గానీ ఓటు వేయలేడు.

వాటాదారు, సభ్యుడు మామూలుగా ఒకరే. కానీ ఎప్పుడూ కాదు. తండ్రి షేర్లు కూతురికి వారసత్వంగా వచ్చాయనుకోండి. రికార్డుల్లో పేరు మారేదాకా ఆమె వాటికి హక్కుదారే తప్ప సభ్యురాలు కాదు. వాటా మూలధనం లేకుండా, సభ్యుల గ్యారంటీ (కంపెనీ మూతపడితే ఇంత కడతామన్న హామీ) మీద నడిచే కంపెనీల్లోనైతే సభ్యులుంటారు, వాటాదారులే ఉండరు.

అన్నట్టు, ‘వాటాదారుడు’ కన్నా ‘వాటాదారు’ మేలు. ఆడవాళ్లకూ సరిపోతుంది. పైగా ఒక కంపెనీ ఇంకో కంపెనీలో వాటాదారు కావచ్చు, దాన్ని ‘డు’ అనడమేమిటి! డైరెక్టర్ మాత్రం మన చట్టం ప్రకారం మనిషే అయ్యుండాలి. ‘సంచాలకుడు’ తప్పు కాదు గానీ ప్రభుత్వ శాఖను గుర్తుచేస్తుంది. నేనైతే డైరెక్టర్ అనే రాస్తాను.

వాటాదారును కంపెనీ ఆస్తులకు ‘యజమాని’ అనడం మాత్రం పెద్ద పొరపాటు. ఒకాయన తన కలపనంతా కంపెనీకి అమ్మేశాడు. కంపెనీ షేర్లన్నీ ఆయనవే. బీమా మాత్రం సొంత పేరున చేయించాడు. కలప కాలిపోయింది. అది కంపెనీ ఆస్తి, నీది కాదంటూ 1925లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) ఆయన క్లెయిమ్‌ను కొట్టేసింది. ‘భాగస్వామి’ అనడమూ కుదరదు. భాగస్వామ్య సంస్థ అప్పులకు భాగస్వాముల సొంత ఆస్తులకూ ముప్పుంటుంది. షేర్లతో ఏర్పడిన పరిమిత కంపెనీలో వాటాదారు తన షేర్ల మీద ఇంకా కట్టాల్సిన సొమ్ముకే బాధ్యుడు.

నామవాచకాలు సరిచేసుకున్నా క్రియల దగ్గర మళ్లీ పొరబడుతుంటారు. ఏడాది చివరి డివిడెండ్‌ను (లాభాల్లోంచి వాటాదారులకు పంచే సొమ్మును) బోర్డు ‘సిఫార్సు చేస్తుంది’, సర్వసభ్య సమావేశంలో వాటాదారులు ‘ఆమోదిస్తారు’. అంతకన్నా తగ్గించగలరు గానీ పెంచలేరు. కాబట్టి దీనికి ‘బోర్డు డివిడెండ్ మంజూరు చేసింది’ అని రాయకండి. ఏడాది మధ్యలో ఇచ్చే మధ్యంతర డివిడెండైతే బోర్డే ‘ప్రకటిస్తుంది’, అక్కడ ‘బోర్డు ప్రకటించింది’ అనడం సరైనదే.