ఇంగ్లండ్‌లో కౌన్సిల్ చెత్త డబ్బాలు వదిలేస్తుంటే అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చా?

మీ పెద్దమ్మగారింటి చెత్త డబ్బాలను కౌన్సిల్ (అక్కడి స్థానిక పాలక సంస్థ) లారీ తరచూ వదిలేసి వెళ్తోందనీ, అంబుడ్స్‌మన్‌కు, అంటే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర కార్యాలయానికి, రాస్తే కౌన్సిల్‌కు జరిమానా పడుతుందా అనీ అడిగారు. పనిలో పనిగా పార్కింగ్ జరిమానా సంగతీ అడిగారు. కౌన్సిల్‌కు జరిమానా పడదు. అలాగని రాయడం దండగ కూడా కాదు. ఆ కార్యాలయం దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో తెలుసుకుని రాయాలి, అంతే. మా బాబాయి తరఫున ఇలాంటి ఫిర్యాదునే చివరిదాకా నడిపాను కనుక కాస్త వివరంగా చెబుతాను.

తుంటి ఆపరేషన్ తర్వాత బాబాయి చేతికర్ర లేకుండా నడవలేరు. ఆ చక్రాల డబ్బాను వీధి అంచుదాకా లాగడం పిన్ని వల్ల కాదు. ఇలాంటి ఇళ్లకు కౌన్సిళ్లు ఒక వెసులుబాటు ఇస్తాయి. పనివాళ్లే పక్క గేటు దాకా వచ్చి, డబ్బా తీసుకెళ్లి ఖాళీ చేసి, మళ్లీ అక్కడే పెట్టాలి. బాబాయి పేరు ఆ జాబితాలో ఉంది. అయినా లారీ ఆగేది కాదు. ఆన్‌లైన్‌లో తెలియజేస్తే రెండు మూడు రోజులకు ఎవరో వచ్చి తీసేవారు. ఆ తర్వాత మళ్లీ మామూలే. మీ పెద్దమ్మగారు కూడా డబ్బా లాగలేని స్థితిలో ఉంటే ముందు ఆ జాబితాలో పేరు నమోదు చేయించండి. అది లేకపోతే మీ కేసు సగం బలం కోల్పోతుంది.

చాలామంది పొరపడేది ఒకచోట ఉంది. ‘ఈ వారం డబ్బా తీయలేదు’ అని ఫారం నింపడం ఫిర్యాదు కాదు. కౌన్సిల్ లెక్కలో అది పని చేసిపెట్టమనే వినతి మాత్రమే. అలాంటివి ఎన్ని పంపినా, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే ముందు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసి రమ్మంటారు. కనుక ‘ఇది ఫిర్యాదు, మొదటి దశ కింద నమోదు చేయండి’ అని స్పష్టంగా రాయండి. అంబుడ్స్‌మన్ 2024లో కౌన్సిళ్లకు ఇచ్చిన నియమావళి ప్రకారం మొదటి దశ జవాబుకు 10 పనిదినాలు, రెండో దశకు 20 పనిదినాలు. మాకు మొదటి దశలో క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు గమనిస్తామని రాశారు. గమనించారో లేదో గానీ డబ్బా మాత్రం కదలలేదు. రెండో దశలో తప్పంతా కాంట్రాక్టర్ మీదికి నెట్టారు. ఆ మాటకు వెనక్కి తగ్గకండి. పని ఎవరికి అప్పగించినా జవాబుదారీ కౌన్సిలే అన్నది అంబుడ్స్‌మన్ ఎప్పుడూ పాటించే సూత్రం.

ఆ రెండు దశలూ అయ్యాక లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌కు రాయాలి. 1974 నాటి చట్టంతో ఏర్పడిన వ్యవస్థ ఇది. ఒక్క ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరే కార్యాలయాలున్నాయి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సమస్య మీకు తెలిసిన 12 నెలల్లోపు రాయాలన్నది మామూలు గడువు. పెద్దమ్మగారి తరఫున మీరు రాస్తుంటే ఆవిడ సమ్మతి కావాలి, సంతకం ముందే తీసి ఉంచుకోండి.

వచ్చిన ప్రతి ఫిర్యాదునూ వారు దర్యాప్తుకు తీసుకోరు. కౌన్సిల్ పనితీరులో తప్పుందా, దానివల్ల ఫలానా మనిషికి నష్టమో కష్టమో కలిగిందా అన్నవే చూస్తారు. డబ్బా ఒకటి రెండుసార్లు తప్పిపోతే అక్కడే పక్కన పెట్టేస్తారు. అందుకే ‘కౌన్సిల్ నిర్లక్ష్యం’ అంటూ పేజీలు నింపకుండా, ఏ తేదీన తీయలేదో, ఆ వారం ఇంట్లో వాళ్లు ఏం పడ్డారో రాయండి. పిన్ని ఒకసారి తానే లాగబోయి మెట్టు దగ్గర తూలిపడింది. కౌన్సిల్ క్షమాపణ లేఖలో ఆ ఊసే లేదు, దర్యాప్తు అధికారి మాత్రం ఫోను చేసి మొదట అడిగింది దాని గురించే.

అసలు మేలు దర్యాప్తులోనే జరిగింది. అధికారి కౌన్సిల్ నుంచి రికార్డులు తెప్పించారు. లారీ సిబ్బంది మా బాబాయి ఇంటి ఎదురుగా చాలా వారాలు రాసుకున్న మాట: ‘డబ్బా బయట పెట్టలేదు’. పక్క గేటు నుంచి తామే తీసుకెళ్లవలసిన ఇంటికి రాసిన మాట అది! జాబితాలో పేరుంది, సిబ్బంది చేతిలోని కాగితాల్లో లేదు. కౌన్సిల్ కంప్యూటర్‌కూ కాంట్రాక్టర్ కాగితాలకూ పొంతన లేదన్నది అలా బయటపడింది. మేం ఎన్నాళ్లు మొత్తుకున్నా అది తేలేది కాదు. తుది నిర్ణయానికి ముందు ముసాయిదాను ఇరుపక్షాలకూ పంపి అభిప్రాయం అడుగుతారు. దాన్ని తీరిగ్గా చదివి, తేదీలు తప్పుంటే అప్పుడే చెప్పండి. తర్వాత మార్పించడం కష్టం.

చివరికి కౌన్సిల్‌ది తప్పని తేల్చి, రాతపూర్వక క్షమాపణ చెప్పమనీ, కొద్ది మొత్తం చెల్లించమనీ, జాబితా సరిచేసి కొన్నాళ్లు గమనించమనీ సిఫారసు చేశారు. ఆ సొమ్ము మీద ఆశ పెట్టుకోవద్దు. పడిన కష్టానికి గుర్తుగా ఇచ్చేదే తప్ప పరిహారం కాదు. సిఫారసులకు చట్టబలం లేకపోయినా కౌన్సిళ్లు దాదాపు ఎప్పుడూ పాటిస్తాయి. ఫిర్యాదుదారుల పేర్లు తీసేసి, కౌన్సిల్ పేరుతో నిర్ణయాలను అందరికీ కనబడేలా ప్రచురిస్తారు, ఆ భయం చిన్నది కాదు. ప్రజావాణిలో కలెక్టరు చేతికి అర్జీ ఇచ్చి అక్కడికక్కడే ఫోను చేయించుకున్న అలవాటు ఉన్నవారికి ఈ పద్ధతి నత్తనడకలా అనిపిస్తుంది. నెలలు పడుతుంది, ఎవరి ముఖమూ కనబడదు. అయినా ఈ నత్తే నయమని నా అభిప్రాయం. ఇక్కడ కారణం దొరికింది.

ఇక మీ పార్కింగ్ జరిమానా. అది అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు, ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కు ఉంది కాబట్టి. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద కౌన్సిల్ వేసే పన్ను) మీరు కట్టాలా వద్దా అన్న వివాదమూ అంతే, దానికి వాల్యుయేషన్ ట్రైబ్యునల్ ఉంది. కౌన్సిల్ ఇంట్లో అద్దెకుంటూ మరమ్మతుల గొడవైతే హౌసింగ్ అంబుడ్స్‌మన్ వేరు. కారు అద్దం మీద అంటించిన చీటీ అయితే తేదీ చూసుకోండి, 14 రోజుల్లోపు కడితే సగమే. పోరాడదలిస్తే ఆ 14 రోజుల్లోనే కౌన్సిల్‌కు అభ్యంతరం రాయండి.