టెక్ సందేహాలు: బ్రేక్ తొక్కితే మసకబారే మోటర్‌హోమ్ లైటు

ప్రశ్న: నమస్కారమండీ. మేం డల్లాస్‌లో ఉంటాం. ఫోర్డ్ ఈ-450 చాసీ, అంటే బండి అడుగు ఇనుప చట్రం, మీద కట్టిన పాత మోటర్‌హోమ్ (ఇల్లులా ఉండే బండి) ఒకటి కొన్నాం. హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు బ్రేక్ తొక్కితే కుడివైపు వెనక లైటు పెద్దగా వెలగాల్సింది పోయి ఇంకా మసకబారుతోంది. కొత్త బల్బు వేసినా అంతే. షాపుకు తీసుకెళ్లక తప్పదా?

జవాబు: ముందు మీరే ఒకసారి చూడండి. ఇంకో బల్బు మాత్రం కొనకండి. మాడిన బల్బు వెలగదు, అంతే. బ్రేక్ తొక్కగానే వెలుగు తగ్గుతోందంటే ఆ లైటుకు గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి, అదే మన మెకానిక్కులు ఎర్త్ అనేది, సరిగా అందడం లేదని నా గట్టి అనుమానం.

అమెరికా మోటర్‌హోమ్‌ల వెనక లైట్లలో తరచుగా కనిపించేది 1157 బల్బు. ఒకే బుడ్డిలో రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే తీగలు. సన్నది హెడ్‌లైట్లతో పాటు వెలిగే టెయిల్ లైటుకు, లావుది బ్రేకుకూ ఇండికేటరుకూ. రెండిటి కరెంటూ తిరిగి వెళ్లేది బల్బు లోహపు మొదలు గుండానే. ఆ దారికి తుప్పు పట్టిందనుకోండి, బ్రేక్ తొక్కగానే పెరిగిన కరెంటును అది మోయలేదు. వోల్టేజీ అక్కడే ఖర్చయిపోతుంది.

కారుకైతే ఇనుప బాడీయే గ్రౌండ్. మోటర్‌హోమ్ వెనక గోడ సాధారణంగా ఫైబర్‌గ్లాసు. అందుకే లైటు నుంచి విడిగా ఒక వైరు లాగి కింద చాసీ ఇనుముకు బిగిస్తారు. వానా, రోడ్డు మీది బురదా ఏళ్ల తరబడి పడేది సరిగ్గా ఆ స్క్రూ మీదే.

అనుమానం తీరాలంటే హెడ్‌లైట్లు ఆపేసి బ్రేక్ ఒక్కటే తొక్కమనండి. వెలగకూడని టెయిల్ లైట్లు, బండి అంచులు తెలిపే చిన్న మార్కర్ లైట్లు మినుకుమంటే గ్రౌండ్ పోయినట్టే. దారి దొరకని బ్రేక్ కరెంటు సన్న ఫిలమెంటులోంచి అటు పారుతోందన్నమాట.

ఇప్పుడు లైట్లన్నీ ఆపి లెన్సు విప్పండి. పాత ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి ఉంటుంది, స్క్రూలు చేత్తోనే తిప్పండి. బల్బును లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే ఊడొస్తుంది. గాజు లోపల నల్లబడితే వయసైపోయినట్టు. పాలలా తెల్లబడితే పగులులోంచి గాలి దూరినట్టు. సాకెట్ అంచున పచ్చటి చిలుము కనిపిస్తే నీళ్లు వస్తున్నాయి.

బల్బు మళ్లీ పెట్టి, లైట్లు వేసి, బ్రేక్ తొక్కించి, వోల్టేజీ కొలిచే మల్టీమీటరును డీసీ వోల్టులకు తిప్పండి. ఎర్ర ముల్లు సాకెట్ లోహానికి, నల్లది బ్యాటరీ నెగటివ్‌కు. సున్నాకు దగ్గరగా చూపాలి. అర వోల్టు దాటితే గ్రౌండ్ బాగుచేయాల్సిందే. చాసీ దగ్గర పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, వైరు చివర కొత్త రింగ్ టెర్మినల్ (స్క్రూ దూరే లోహపు ఉంగరం) వేసి బిగించండి. పైన గ్రీజు పూయండి. సాకెట్‌ను చిన్న ఇత్తడి బ్రష్షుతో తోమండి.

బల్బుకున్న రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు, అది ఒక వైపే కూర్చుంటుంది. బలవంతాన తిరగేసి దూర్చితే టెయిల్ పెద్దగా, బ్రేక్ చిన్నగా వెలుగుతాయి. నీళ్లు రాకుండా సిలికాన్ పూస్తే వెనిగర్ వాసన కొట్టే రకం వద్దు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. లెన్సు అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రం ఉంటే మూయకండి.

ఇదంతా అయ్యేవరకు దయచేసి ఆ బండిని హైవే ఎక్కించకండి. మీరు ఆగుతున్నారని వెనకవాళ్లకు చెప్పేది ఆ వెలుగే.

ప్రశ్న: ఆ బల్బుల బదులు ఎల్‌ఈడీవి వేయొచ్చా?

జవాబు: వెనక లైటుకు వేయాలనుకుంటే ఎర్ర లెన్సు వెనక ఎర్ర ఎల్‌ఈడీనే వేయండి. తెల్లది వేస్తే వెలుగు గులాబీ రంగులోకి దిగిపోతుంది. 1157లో లావు ఫిలమెంటు 2 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, ఎల్‌ఈడీకి అందులో కొంచెం చాలు. దాంతో ఇండికేటరును కొట్టించే ఫ్లాషర్ అనే పరికరం పాతదైతే, బల్బు మాడిపోయిందనుకుని దాన్ని గబగబా కొట్టిస్తుంది. చాలామంది దీనికి లోడ్ రెసిస్టర్, అంటే పాత బల్బంత కరెంటు తీసుకునే భాగం, తగిలిస్తారు. అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఫైబర్‌గ్లాసు గోడకు ఎట్టి పరిస్థితిలోనూ బిగించొద్దు. మీ బండికి సరిపడే ఎల్‌ఈడీ ఫ్లాషర్ దొరికితే అదే మేలు. గ్రౌండ్ బాగోకపోతే మాత్రం ఎల్‌ఈడీ వేసినా ఆ తిప్పలు తీరవు.

ప్రశ్న: మా మోటర్‌హోమ్‌లో ఎడమ ఇండికేటరు చక్కగా కొడుతోంది, అదే బల్బులో బ్రేక్ మాత్రం వెలగదు. కుడివైపు రెండూ బాగానే ఉన్నాయి.

జవాబు: ఆ రెండు పనులూ చేసేది ఒకే ఫిలమెంటు కాబట్టి బల్బూ, గ్రౌండూ బాగున్నట్టే. ఇలాంటి వైరింగులో బ్రేక్ కరెంటు స్టీరింగ్ దగ్గరి ఇండికేటర్ స్విచ్ గుండా వెనక్కి వెళ్తుంది. బ్రేక్ తొక్కి పట్టుకుని ఆ కాడను కొద్దిగా కదిలించమనండి. లైటు వచ్చి పోతుంటే మార్చాల్సింది ఆ స్విచ్చే.