పూల్ టైల్స్ ఊడుతున్నాయా? పగలగొట్టే ముందు నీళ్లు పరీక్ష చేయించండి

మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ ఇసకలా రాలుతోందని, అక్కడక్కడా టైల్స్ ఊడుతున్నాయని రాశారు. కాంట్రాక్టర్ చెప్పినట్టు మొత్తం పగలగొట్టాల్సిందేనా అన్నది మీ ప్రశ్న. అక్కర్లేకపోవచ్చండీ.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే గొడవ. అప్పట్లో కమిటీలో ఉన్నాను కాబట్టి తిట్లన్నీ నాకే. పిల్లల అరికాళ్లు గీసుకుపోతున్నాయని నీళ్లు తోడించి, మేస్త్రి చేత సందులన్నీ తెల్ల సిమెంట్‌తో నింపించాం. ఎనిమిది నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. మేస్త్రిని నానా మాటలూ అన్నాం, పాపం. అసలు తప్పు నీళ్లది.

మా పూల్ కుర్రాడు టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసైనూరిక్ యాసిడ్) అనే క్లోరిన్ బిళ్లలు వేసేవాడు. క్లోరిన్ ఎంతుందో చూసేవాడు గానీ పీహెచ్ ఎవరూ చూడలేదు. నీళ్లలో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె అది, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. ఆ బిళ్ల కరిగిన ద్రావణం పీహెచ్ 3 దగ్గర ఉంటుంది. నెలల తరబడి అదే వేస్తుంటే ముందు ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) తగ్గిపోతుంది, వెనకే పీహెచ్ పడిపోతుంది. ఆమ్లం ఎక్కువైన నీళ్లు సిమెంట్‌లోని సున్నాన్ని కరిగించేస్తాయి, చివరికి ఇసక మిగులుతుంది. మీ కాళ్లకి తగిలేది బహుశా అదే. దానికి తోడు మావాళ్లు మరకలు పోవాలని యాసిడ్ పోసి రుద్దేవారు. పరీక్ష చేయిస్తే పీహెచ్ 6.6, ఆల్కలినిటీ 30 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) వచ్చింది. పీహెచ్ 7.2 నుంచి 7.6, ఆల్కలినిటీ 80 నుంచి 120, కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన సున్నం) 200 నుంచి 400 మధ్య ఉండాలి.

అయితే గరుకుగా ఉన్న ప్రతిదీ ఇదే అనుకోకండి. సందు మీద వేలు పెట్టి రుద్ది చూడండి. టైల్ అంచు కంటే లోపలికి గుంట పడితే గ్రౌట్ కరిగిపోయినట్టు. పైకి గట్టిగా, తెల్లగా పెచ్చులా తగిలితే అది బోరు నీళ్ల సున్నం, అంటే పూర్తిగా ఎదురు జబ్బు. దానికి పీహెచ్ పెంచారంటే ఇంకా పేరుకుంటుంది.

నీళ్లు తీశాక స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో టైల్‌నీ కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద పట్టు వదిలినట్టు, అలాంటి చోటల్లా చాక్‌పీస్‌తో గీత పెట్టండి. మేం ఇద్దరం కూర్చుని ఒక ఆదివారం ఉదయమంతా ఇదే పని చేశాం. గీతలు పడ్డది మెట్ల దగ్గర, లోతు వైపు ఒక మూల, అంతే. కాంట్రాక్టర్ మాత్రం మొత్తం నేలకి కొటేషన్ ఇచ్చి కూర్చున్నాడు!

నీళ్లు తీయకముందే లీకేజీ కూడా తేల్చుకోండి. బకెట్‌లో పూల్ నీళ్లే నింపి మెట్టు మీద, బయట నీటి మట్టానికి సమంగా పెట్టండి. లోపలా బయటా గుర్తు పెట్టి, మోటారు ఆపి ఒక రోజు వదిలేయండి. పూల్ నీళ్లు బకెట్ కంటే ఎక్కువ తగ్గితే లీకు ఉన్నట్టే. అప్పుడు కింద వాటర్‌ప్రూఫింగ్ చూడకుండా టైల్ అతికించడం దండగ.

ఒక్క హెచ్చరిక. వానాకాలంలో పూల్ ఖాళీ చేయకండి. భూమిలో నీటి మట్టం పైకి వచ్చి ఉంటే ఖాళీ తొట్టిని కింద నుంచి ఎత్తేస్తుంది, నేల పగులుతుంది. మార్చి, ఏప్రిల్ మేలు. పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి.

మేం డొల్ల టైల్స్ మాత్రమే తీయించి, కింద పాత మడ్డి గీకించి, టైల్ వెనక ఖాళీ లేకుండా అడ్హెసివ్ నిండుగా పట్టించి అతికించాం. మిగతా చోట్ల పాత గ్రౌట్ లోతుగా గీకేసి సిమెంట్ బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ నింపించాం. ఖర్చు ఎక్కువే, పైగా ఆరేలోపు తుడిచేయాలి కాబట్టి అలవాటున్న మేస్త్రే కావాలి. సందుల్లో తడి అస్సలు ఉండకూడదు. వారం ఆరాక నీళ్లు వదిలాం.

ఇప్పుడు మోటారు రూమ్‌లో ఒక నోట్‌బుక్ వేలాడదీశాం. వారానికి రెండుసార్లు పీహెచ్, ఆల్కలినిటీ రాయాలి. తగ్గితే మామూలు వంట సోడానే వేస్తాం. లక్ష లీటర్లకి 1.7 కిలోలు వేస్తే ఆల్కలినిటీ సుమారు 10 పీపీఎం పెరుగుతుంది. మీ రీడింగులు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.