కొసరు అసలును మింగితే

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు భూగోళశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. పసుపు అంచు అట్టతో వచ్చే నేషనల్ జియోగ్రాఫిక్ పాత సంచికలను విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివేవాణ్ణి. జగదాంబ కూడలి దగ్గర పాత పుస్తకాల కుప్పల్లో దొరికినవి కొని, వాటిలోని పటాలను తరగతి గోడకు అంటించేవాణ్ణి. అది లాభాపేక్ష లేని సంఘం నడిపే పత్రిక అని పిల్లలకు గర్వంగా చెప్పాను. ఇప్పుడు అదే పేరుతో టీవీలో వచ్చే కొన్ని కార్యక్రమాలు చూసి మా మనవడు, "తాతయ్యా, నువ్వు చెప్పింది దీని గురించేనా?" అని అడిగాడు. ఇంతకీ ఏం జరిగింది?
విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎం.వి.పి. కాలనీ

మాస్టారూ, ఆ పత్రిక అమ్మకం జరిగింది 2015లో. దారి మళ్లడం మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది.

1888 జనవరిలో వాషింగ్టన్‌లో భౌగోళిక పరిజ్ఞానాన్ని పెంచి, పంచడం కోసం కొందరు పెద్దలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఏడాది పత్రిక తొలి సంచిక వచ్చింది. మొదట్లో అది పండితుల కోసం పండితులు రాసుకున్న పొడి పత్రికే. 1899లో సంపాదక బాధ్యతల్లోకి వచ్చి 1954 దాకా కొనసాగిన గిల్బర్ట్ గ్రోవనర్ దానిని ఫొటోలతో ఇంటింటి పత్రికగా మార్చారు. అయితే అసలు కిటుకు ఫొటోల్లో కంటే సభ్యత్వంలో ఉందని నా అభిప్రాయం. పాఠకుడు పత్రికను కొనడు, సంఘంలో సభ్యుడవుతాడు. అతడు కట్టే రుసుముతో అన్వేషణలు సాగుతాయి, వాటి ఫలితం పత్రిక రూపంలో అతని గుమ్మానికి చేరుతుంది. ప్రకటనలు ఉండేవి కానీ, మీ దగ్గరున్న పాత సంచికలు తిప్పి చూస్తే అవన్నీ ముందో వెనకో గుంపుగా ఉంటాయి. మధ్యలో వ్యాసం మొదలైందంటే అది ముగిసేవరకు సబ్బు గాని కారు గాని అడ్డు రాదు. 1980లలో అమెరికాలోనే కోటికి పైగా ఇళ్లకు ఆ పత్రిక వెళ్లేది.

అలాగని ఆ రోజుల్లో అంతా స్వర్ణయుగమని చెప్పను. 1982 ఫిబ్రవరి సంచిక అట్ట మీద, అడ్డంగా తీసిన గిజా పిరమిడ్ల ఫొటోను నిలువు అట్టలో ఇమిడించడానికి రెండు పిరమిడ్లను కంప్యూటరుతో దగ్గరికి జరిపారు. 1999 నవంబరులో రంగురంగుల పేజీలతో ప్రకటించిన "ఈకల డైనోసార్" శిలాజం చైనాలో రెండు మూడు జీవుల ముక్కలను అతికించి తయారుచేసినదని తేలింది. వెనుకటి దశాబ్దాల్లో తెల్లవారు కానివారిని తమ పత్రిక చూపిన తీరు జాత్యహంకారంతో కూడుకున్నదని 2018 ఏప్రిల్ సంచికలో సంపాదకురాలే ఒప్పుకున్నారు. కానీ ఇక్కడొక సంగతి గమనించాలి. శిలాజం విషయంలో మోసం ఎలా జరిగిందో, తామెక్కడ తొందరపడ్డారో స్వతంత్ర విలేఖరి చేత దర్యాప్తు చేయించి, 2000 అక్టోబరు సంచికలో తమ పేజీల్లోనే అచ్చువేశారు. తప్పును తన చేత్తోనే విప్పి చూపే దమ్ము అప్పటికి ఆ సంస్థకు మిగిలే ఉంది.

ఇక టీవీ సంగతికి వద్దాం. 1997 నుంచి విదేశాల్లోనూ, 2001 నుంచి అమెరికాలో ఫాక్స్ మీడియా సంస్థ భాగస్వామ్యంతోనూ ఆ పేరుతో ఛానల్ వచ్చింది. పత్రిక చందాదారులు తగ్గుతున్న రోజుల్లో అదొక కొసరు ఆదాయంగా కనిపించి ఉంటుంది. కానీ టీవీలో సభ్యులు ఉండరు, ప్రేక్షకుల లెక్కే ఉంటుంది. ఆ లెక్కను ప్రకటనదారుడికి అమ్ముతారు. ప్రళయం వస్తుందని నేలమాళిగల్లో తిండిగింజలు, తుపాకులు దాచుకునేవారి మీద 2012లో వచ్చిన ధారావాహిక అప్పటికి ఆ ఛానల్ చరిత్రలోనే ఎక్కువమంది చూసినది. అదే ఏడాది లోహాలను పసిగట్టే యంత్రాలు పట్టుకుని పొలాల్లో పాత నాణేలు, గుండీలు తవ్వి తీసి, వాటికి ధర కట్టే కార్యక్రమం వచ్చింది. పురావస్తు పరిశోధకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఇదే సంఘం 1912లో అన్వేషకుడు హైరం బింగమ్ పెరూలోని మాచుపిచ్చు శిథిలాల్లో జరిపిన తవ్వకాలకు డబ్బిచ్చి, 1913 ఏప్రిల్ సంచికను దానికే కేటాయించింది. వందేళ్ల తరువాత అదే పేరుతో, తవ్విన వస్తువు ఏ పొరలో దొరికిందన్న ప్రశ్న పోయి, ఎన్ని డాలర్లు పలుకుతుందన్న ప్రశ్న మిగిలింది. మీ మనవడికి ఏదైనా చూపాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపండి.

2015 సెప్టెంబరులో సంఘం తన పత్రికను, ఇతర ప్రచురణలను ఫాక్స్‌తో కలిపి పెట్టిన లాభార్జన కంపెనీకి 72.5 కోట్ల డాలర్లకు అప్పగించింది. అందులో ఫాక్స్‌కు 73 శాతం, సంఘానికి 27 శాతం వాటా. నవంబరులో సుమారు 180 మంది ఉద్యోగాలు పోయాయి. 2019లో ఫాక్స్ ఆస్తులతో పాటు ఆ వాటా డిస్నీకి చేరింది. 2023 జూన్‌లో, జీతం మీద పనిచేస్తున్న చివరి రచయితలను కూడా పంపించివేశారు. ఆ మరుసటి ఏడాది నుంచి అమెరికాలో దుకాణాల్లో పత్రిక అమ్మబోమని ప్రకటించారు.

అమ్మిన పెద్దల వాదనలో పస లేకపోలేదు. ఆ డబ్బుతో సంఘం మూలనిధి దాదాపు వంద కోట్ల డాలర్లకు పెరిగింది. శాస్త్రవేత్తలకు గ్రాంట్లు ఇవ్వడం ఆగలేదు. కాబట్టి సంఘం బాగానే ఉంది, దాని గొంతు మాత్రం పరాధీనమైంది. గొంతును అమ్మి ఒంటికి బలం చేకూర్చుకోవడం లాభసాటి బేరమేనా అన్నది ఆ సభ్యులు అడగవలసిన ప్రశ్న. అప్పటికి వాళ్లలో చాలామంది సభ్యులమన్న సంగతి మరిచి చందాదారులుగా మారిపోయారు.

ప్రశ్న: ప్రకటనలు లేకుండా ఏ పత్రిక బతికింది? ప్రభుత్వం ఇచ్చే డబ్బు తీసుకుంటే ప్రభుత్వ భజన, కంపెనీ డబ్బు తీసుకుంటే కంపెనీ భజన అంటారు. చందాలతో బతకమంటే చదివేవాళ్లు లేరు. మీ బాధ ఛాందసంగా అనిపించడం లేదా?
జర్నలిజం విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

అమ్మా, ప్రకటన పాపమని నేనూ అనడం లేదు. మన సిరిపురం ఆకాశవాణి 1963 నుంచి పలుకుతోంది. వివిధ భారతి 1957లో మొదలైతే, వాణిజ్య ప్రకటనలు 1967లో వచ్చాయి. మొదట్లో వాటిని ఆ ఒక్క ఛానల్‌కే పరిమితం చేశారు. రైతు కార్యక్రమంలోకి, వార్తల్లోకి రానివ్వలేదు. అదొక కంచె. కంచె ఎక్కడ వేశారు, దానిని ఎవరు, ఏ అవసరం చెప్పి జరిపారు అన్నదే నా ఆసక్తి.

అమెరికాలో దాతల, ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రజా ప్రసారాల కోసం 1967లో చట్టం చేశారు. దాతల పేరు చెప్పి ఊరుకోవాలన్నది తొలి నియమం. 1984లో దానిని సడలించి దాత గుర్తు, నినాదం, సరుకు వర్ణన చూపనిచ్చారు. ధర చెప్పకూడదు, కొనండి అనకూడదు. అంటే ప్రకటనకు వేషం మార్చారు తప్ప పని మార్చలేదు. ఇక పేద పిల్లలకు బడికి ముందే అక్షరాలు, అంకెలు నేర్పాలని 1969లో మొదలైన టీవీ కార్యక్రమం సెసేమీ స్ట్రీట్ సంగతి చూడండి. దానిని తీసే లాభాపేక్ష లేని సంస్థ డబ్బు చాలక 2015లో హెచ్.బి.ఓ.తో ఒప్పందం చేసుకుంది. కొత్త భాగాలు ముందు డబ్బు కట్టి చూసే ఆ ఛానల్‌లో వచ్చేవి, తొమ్మిది నెలలు గడిచాక ఉచిత ఛానల్‌కు వచ్చేవి. ఎవరి కోసం పుట్టిందో వారికే తొమ్మిది నెలలు ఆలస్యంగా అందిందన్నమాట. కార్యక్రమం నాణ్యత తగ్గలేదు, అబద్ధం చెప్పలేదు, ఎవరికీ భజన చేయలేదు. అయినా ఉద్దేశం వంకర పోయింది. 2025లో నెట్‌ఫ్లిక్స్‌తో కుదిరిన ఒప్పందంలో అదే రోజు ఉచిత ఛానల్‌లోనూ చూపాలని రాసుకున్నారు. అంటే మొదటిసారి కూడా గట్టిగా అడగవలసిందని అర్థం కావడానికి వారికి పదేళ్లు పట్టింది. అదే ఏడాది ప్రజా ప్రసారాలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను అక్కడి చట్టసభ వెనక్కి తీసుకుంది. కాబట్టి మీరన్న రెండో మాట, ప్రభుత్వ సొమ్ము గురించినది, నూటికి నూరుపాళ్లు నిజం.

దూరపు కథలు చాలు. ఈ కాలమ్‌కు రాకముందు నేను ఈ ఊళ్లోనే ఒక ట్రస్టు నడిపే మాసపత్రికలో డెస్కు చూసేవాణ్ణి. పేరు అనవసరం. ప్రైవేటు కళాశాలల హాస్టళ్లలో పిల్లల పరిస్థితి మీద మా విలేఖరి రెండు నెలలు తిరిగి ఒక వ్యాసం తెచ్చాడు. డమ్మీలో, అంటే సంచిక పేజీల నమూనాలో, పదహారో పేజీ దానికి కేటాయించి పెన్సిలుతో గీత గీశాను. అదే సాయంత్రం ప్రకటనల విభాగం చూసే ఆయన చేతిలో ఆర్.ఓ. కాగితంతో, అంటే ప్రకటన వేయమని ఇచ్చే ఆర్డరుతో, నవ్వుతూ వచ్చాడు. ఒక కళాశాల వాళ్లు ఏడాది పొడుగునా వెనుక అట్ట తీసుకున్నారు. వ్యాసం తీసేయమని ఎవరూ అనలేదు. ట్రస్టీ గారు చాలా మర్యాదగా, "వచ్చే నెల వేద్దామా?" అని మాత్రం అడిగారు. వచ్చే నెల పరీక్షలు. ఆ తరువాతి నెల ఫలితాలు, ర్యాంకుల హడావిడి. ఆ పై నెల ప్రవేశాలు. నాలుగో నెల డమ్మీ వేస్తున్నప్పుడు ఎవరూ అడగకుండానే పదహారో పేజీని నేనే వంటల శీర్షికకు ఇచ్చేశాను. చెరిపిన పెన్సిలు గీత కాగితం మీద ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ విలేఖరి మరుసటి ఏడాది బ్యాంకు ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

ఛాందసమంటారా, అనండి. కానీ ఆ నాలుగు నెలల్లో మా మీద వచ్చిన ఒత్తిడి ఏ కాగితం మీదా లేదు. జీతాలు సకాలంలో అందాయి, ఆడిట్ శుభ్రంగా జరిగింది, ట్రస్టు లాభాపేక్ష లేనిదిగానే కొనసాగింది.

ప్రశ్న: మేము చందా కట్టే పత్రిక కూడా ట్రస్టుదే. అది దారి తప్పుతోందో లేదో మామూలు పాఠకుడికి ఎలా తెలుస్తుంది?
చందాదారు, గాజువాక

"లాభాపేక్ష లేని" అన్న మాటను చూసి ఆగిపోకండి. మన కంపెనీల చట్టం, 2013లోని 8వ సెక్షన్ కింద పెట్టిన సంస్థ మిగులును వాటాదారులకు పంచకూడదు. ఆ మాటకు చట్టంలో ఉన్న ముఖ్యమైన అర్థం ఇదే. మిగులు ఎటు పోతుందో అది చెబుతుంది గాని, రాబడి ఎటునుంచి వస్తుందో చెప్పదు. అందుకని వార్షిక నివేదిక అడిగి తెప్పించుకుని, ఆదాయంలో చందాల వాటా ఎంత, పెద్ద దాతలు, ప్రకటనదారులు ఎవరు అన్నవి చూడండి. 1956 నాటి పత్రికల నమోదు నిబంధనల కింద ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే తొలి సంచికలో పత్రికలు నాలుగవ ఫారం పేరుతో యజమానులను, మూలధనంలో ఒక శాతానికి మించిన వాటా ఉన్నవారిని ప్రకటిస్తూ వచ్చాయి. పాత మార్చి సంచికలు ఇంట్లో ఉంటే వరుసగా పేర్చి చదవండి, పేర్లు ఎప్పుడు మారాయో తెలుస్తుంది.

ఇంకొకటి, వెనుక అట్టను మూడు సంవత్సరాల పాటు ఎవరు తీసుకుంటున్నారో రాసుకుని, ఆ రంగం గురించి లోపల ఒక్క విమర్శనాత్మక వ్యాసమైనా వచ్చిందేమో వెతకండి. రాకపోతే ఎందుకు రాలేదని సంపాదకుడికి ఉత్తరం రాయండి. ఉత్తరం, దానికి జవాబు రెండూ అచ్చయితే చందా కొనసాగించండి. అచ్చు కాకపోతే ఆ ఉత్తరం నకలు మాకు పంపండి. మా వెనుక అట్ట ఎవరిదో కూడా ఓసారి చూసి, ఆ సంగతీ అందులోనే రాయండి.